హాఫెల్ సరస్సు మీద దిగిన ఉప్పు విమానాలు: అక్విలా ఎయిర్‌వేస్ గురించి వివరాలు కావాలి

శ్రీలత_స్పాండావ్ (ఆదివారం, రాత్రి 9:10)

అందరికీ నమస్కారం. మాది తెనాలి. పదకొండేళ్లుగా బెర్లిన్‌లో స్పాండావ్ వైపు ఉంటున్నాం. మా కింది ఫ్లోర్‌లో ఎనభై ఐదు దాటిన పెద్దావిడ ఒంటరిగా ఉంటారు. పోయిన వేసవిలో ఆవకాయకని తెప్పించిన కల్లుప్పు బాల్కనీలో గుడ్డ మీద ఆరబోస్తే, కాఫీకి వచ్చిన ఆవిడ రెండు ఉప్పు పలుకులు వేళ్లతో నలిపి, నోట్లో వేసుకుని, "మాకు ఉప్పు ఆకాశంలోంచి వచ్చి సరస్సు మీద దిగేది" అన్నారు. పెద్దవయసు కదా, ఏదో కలగాపులగంగా చెబుతున్నారనుకున్నాను.

తర్వాత చూస్తే అక్షరాలా నిజం. 1948 జూన్ 24న సోవియట్ సైన్యం పశ్చిమ బెర్లిన్‌కు రోడ్డు, రైలు, కాలవ దారులన్నీ మూసేసింది. ఇరవై లక్షల పైచిలుకు జనం. రెండు రోజుల్లో విమానాలతో సరుకు మోయడం మొదలైంది. మన ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న హాఫెల్ సరస్సు మీద నీటి విమానాలు దిగి ఉప్పు దించేవట. వాటిలో కొన్ని ఎయిర్‌ఫోర్స్‌వి కావు, అక్విలా ఎయిర్‌వేస్ అనే చిన్న ప్రైవేటు కంపెనీవని ఒకచోట ఒక్క లైను కనిపించింది. మా అబ్బాయి స్కూల్ ప్రాజెక్టుకి ఇదే తీసుకున్నాడు. ఆ కంపెనీ ఎవరిది? ఎంత మోసింది? కాగితాలు ఎక్కడ దొరుకుతాయి? తెలిసినవాళ్లు చెప్పగలరా?

చరణ్_కే (ఆదివారం, రాత్రి 9:42)

అక్కా, బెర్లిన్ ఎయిర్‌లిఫ్ట్ అమెరికా వాళ్లది కదా? రుమాళ్లకు చాక్లెట్లు కట్టి పిల్లలకు వేసిన గెయిల్ హాల్వర్సన్ కథ చదివాను. నీటి విమానాలు కూడా అమెరికన్ నేవీవే అయి ఉంటాయి.

విహారి_బేగంపేట (ఆదివారం, రాత్రి 11:05)

చరణ్ బాబూ, హాల్వర్సన్ కథ నిజమే, కానీ ఆయన దిగింది టెంపెల్‌హోఫ్‌లో, మామూలు రన్‌వే మీద. హాఫెల్ మీద దిగినవి బ్రిటిష్‌వి, షార్ట్ కంపెనీ చేసిన సండర్‌లాండ్‌లు. రాయల్ ఎయిర్‌ఫోర్స్ 201, 230 స్క్వాడ్రన్లు వాటిని 1948 జూలై 5 నుంచి నడిపాయి. హాంబుర్గ్ దగ్గర ఎల్బె నది మీద ఫింకెన్‌వెర్డర్‌లో ఎగిరి, బెర్లిన్‌లో గాటో ఎయిర్‌ఫీల్డ్ పక్కనున్న హాఫెల్ మీద దిగేవి. ఆ ఫింకెన్‌వెర్డర్‌లోనే ఇప్పుడు ఎయిర్‌బస్ ఫ్యాక్టరీ ఉంది.

శ్రీలత గారూ, అక్విలా ఆ ఎయిర్‌ఫోర్స్ బృందానికి తోడుగా ఆగస్టు 4న చేరింది. బారీ ఐక్‌మన్ అనే మాజీ వింగ్ కమాండర్ 1948లోనే పెట్టిన కంపెనీ. ఆయన యుద్ధంలో, సముద్రం మీద గస్తీ తిరిగే ఎయిర్‌ఫోర్స్ విభాగం కోస్టల్ కమాండ్‌లో పనిచేసినవాడు. విమానాలు కొత్తవి కావు, బ్రిటిష్ ప్రభుత్వ విమాన సంస్థ బీఓఏసీ వాడి పక్కన పెట్టిన హైత్‌లు. సండర్‌లాండ్‌లోని తుపాకులు తీసేసి ప్రయాణికుల కోసం మార్చిన రకాన్ని హైత్ అనేవారు. కంపెనీ పుట్టిన కొన్ని నెలలకే ఈ పని దొరికింది.

నేను ముప్పై ఏళ్లు విమానాల మెయింటెనెన్స్‌లో ఉన్నాను. సండర్‌లాండ్ మీద చేయి వేసే అదృష్టం కలగలేదు కానీ, దాని డ్రాయింగులు చాలాసార్లు చూశాను. ఉప్పుకి దాన్నే ఎందుకు ఎంచుకున్నారో రేపు వివరంగా రాస్తాను.

విహారి_బేగంపేట (సోమవారం, ఉదయం 7:20)

రాత్రి ఆపిన చోటునుంచి. పైలట్ తిప్పే చక్రానికీ తోకలోని రెక్కలకీ మధ్య స్టీలు తీగలు ఉంటాయి, వాటిని కంట్రోల్ కేబుల్స్ అంటాం. డకోటాలాంటి మామూలు విమానాల్లో ఇవి చాలావరకు నేల పలకల కింద నుంచి వెళతాయి. బస్తాలోంచి రాలిన ఉప్పు పలకల సందుల్లోంచి కిందికి జారి, తడి తగిలి, ఆ తీగల్ని లోపల్నుంచి తినేస్తుంది. పైకి ఏమీ కనపడదు. సండర్‌లాండ్ సముద్రం కోసం పుట్టిన విమానం. పొట్ట లోపలి లోహానికి ముందే తుప్పు పట్టని పూత ఉంటుంది, పైగా కంట్రోల్ కేబుల్స్ కింద కాకుండా పైకప్పు వైపు నుంచి వెళతాయి. ఉప్పు రాలినా కిందే పడుతుంది, తీగలు పైన క్షేమంగా ఉంటాయి. అంత పెద్ద ఆపరేషన్‌లో ఎవరో ఒక టెక్నీషియన్ ఈ చిన్న విషయం గుర్తించి ఉంటాడు కదా అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. ఆయన పేరు ఎక్కడైనా దొరికితే ఎంత బాగుంటుందో.

అప్పారావు_నౌపడ (సోమవారం, ఉదయం 8:55)

విహారి గారూ, మీరు రాసింది చదువుతుంటే మా నాన్న గుర్తొచ్చారు. మాది నౌపడ, శ్రీకాకుళం జిల్లా. మూడు తరాలుగా ఉప్పు మళ్లలో పని. ఉప్పు లోహాన్ని ఏం చేస్తుందో మాకు పుస్తకం చెప్పక్కర్లేదు. కొత్త సైకిల్ కొంటే మడి గట్టు మీదికి తీసుకురానిచ్చేవారు కాదు నాన్న, రోడ్డు దగ్గర చింతచెట్టు కింద పెట్టి నడిచి రమ్మనేవారు. ఒక్క వర్షాకాలం గడిస్తే చైన్ లింకులు బిగుసుకుపోయేవి, చువ్వలు చేత్తో విరిగేవి. కాటా గొలుసుని వారం వారం కొబ్బరినూనె గుడ్డతో తుడిచేవాళ్లం. రేకుల షెడ్డులో మేకు ఉన్న చోటే ముందు చిల్లు పడేది.

ఇంకో మాట. ఉప్పు బస్తా పొడిగా ఉన్నప్పుడు ఏమీ చేయదు. చల్లటి రాత్రి తర్వాత ఎండ పొడిస్తే అప్పుడు చెమ్మగిల్లుతుంది, బస్తా అడుగు తడిసి కారుతుంది. విమానం పైకి వెళ్లి చల్లబడి కిందికి దిగుతుంది కదా, రోజుకి రెండు మూడుసార్లు అదే జరిగితే ఇనుము బతకదు. తీగలు పైనుంచి వెళ్లడం అనే మాట చదివి మా తమ్ముడికి ఫోన్ చేసి మరీ చెప్పాను.

శ్రీలత_స్పాండావ్ (సోమవారం, రాత్రి 10:30)

ఇన్ని రోజులుగా జర్మన్ సైట్లలో వెతికినా ఈ తీగల సంగతి ఇంత బాగా అర్థం కాలేదు. అప్పారావు గారూ, చింతచెట్టు కింద సైకిల్ మాట మా అబ్బాయికి చదివి వినిపించాను. ప్రాజెక్టులో రాస్తానంటున్నాడు, మీ అనుమతి ఉందా?

ఒక సందేహం. ఊరు మొత్తానికి ఉప్పు ఎంత కావాలి? అది తెలిస్తే అక్విలా వాటా ఎంతో తెలుస్తుంది.

అప్పారావు_నౌపడ (సోమవారం, రాత్రి 10:41)

తప్పకుండా రాసుకోమనండి అమ్మా. మా నాన్న వింటే పొంగిపోయేవారు.

లెక్కల_మాస్టారు (మంగళవారం, ఉదయం 6:15)

శ్రీలతమ్మా, ఆ లెక్క ఉంది. మొదట్లో వేసిన అంచనాలో రోజుకి కావలసిన ఆహారం సుమారు 1,534 టన్నులు. అందులో పిండి, గోధుమలు 646, ఎండబెట్టిన బంగాళాదుంప 180, పంచదార 180, మాంసం చేపలు కలిపి 109, పిల్లల పాలు 5, ఈస్ట్ 3, ఉప్పు 38. బంగాళాదుంపను ఎండబెట్టింది బరువు తగ్గించడానికే. నీళ్లు మోయడానికి పెట్రోలు తగలేయడం ఎవరికి ఇష్టం? బొగ్గు, పెట్రోలు ఆ ఆహారం లెక్కకు అదనం. మొత్తం ఎయిర్‌లిఫ్ట్‌లో మూడింట రెండు వంతుల బరువు బొగ్గుదే.

ఇక అక్విలా. వాళ్లకి లెక్కగట్టింది 265 ట్రిప్పులు, 1,409 టన్నులు. భాగిస్తే ట్రిప్పుకి 5.3 టన్నులు. ఎయిర్‌ఫోర్స్ సండర్‌లాండ్‌కి నాలుగున్నర టన్నుల దగ్గర చెబుతారు. తుపాకులు, వాటి గుళ్లు లేకపోవడం వల్ల హైత్‌కి అంత ఎక్కువ వచ్చిందని నా ఊహ. విహారి గారు సరిచూడాలి.

రోజుకి 38 చొప్పున 1,409ని భాగిస్తే 37 రోజులు. పుట్టి ఏడాది నిండని ఒక కంపెనీ ఇరవై లక్షల మంది ఊరికి నెల పైన సరిపడే ఉప్పంత బరువు మోసింది. అదంతా ఉప్పే అని అనలేం, వేరే సరుకులు కూడా ఎక్కించారు. అయినా అబ్బాయికి చార్ట్ మీద రాసుకోవడానికి అంకె బాగుంటుంది.

జాగ్రత్త ఒకటి ఉంది. అమెరికన్ టన్ను 2,000 పౌండ్లు, బ్రిటిష్ టన్ను 2,240 పౌండ్లు. మన లెక్కలో మొదటిది 907 కిలోలు, రెండోది 1,016 కిలోలు. 1,409 ఏ టన్నో తెలియకపోతే తేడా దాదాపు 153 మెట్రిక్ టన్నులు వస్తుంది. అంటే ఆ ఊరికి నాలుగు రోజుల ఉప్పు! ఏ పట్టికలో అంకె కనిపించినా పైన ఏ టన్ను రాసి ఉందో ముందు చూడండి. మొత్తం ఎయిర్‌లిఫ్ట్ 23 లక్షల టన్నులని ఒకరు, 20.8 లక్షలని ఇంకొకరు రాసేది ఇందుకే. ఇద్దరూ కరెక్టే.

విహారి_బేగంపేట (మంగళవారం, ఉదయం 9:30)

మాస్టారూ, మీ ఊహ సబబే. సండర్‌లాండ్‌లో తుపాకీ ఉండే గుండ్రటి గూడు, అంటే టరెట్, ఒక్క తుపాకీ కాదు, దాన్ని తిప్పే హైడ్రాలిక్స్, గుళ్ల పెట్టెలు, కూర్చునే మనిషి, అన్నీ. అవి తీసేస్తే బోలెడు బరువు తగ్గుతుంది.

చరణ్_కే (మంగళవారం, మధ్యాహ్నం 1:15)

నా తప్పు సరిదిద్దినందుకు థ్యాంక్స్ అంకుల్. చలికాలం వచ్చాక సరస్సు గడ్డకట్టదా? అప్పుడు ఏం చేశారు?

విహారి_బేగంపేట (మంగళవారం, మధ్యాహ్నం 2:40)

మంచి ప్రశ్న అడిగావు. డిసెంబర్ మధ్యలో మంచు భయంతోనే నీటి విమానాలు ఆపేశారు. నీటి విమానానికి పైనుంచి చూస్తే కనపడని మంచు పలక కూడా చాలు, పొట్ట చీలుస్తుంది. ఎల్బెలో సగం మునిగిన యుద్ధకాలపు శిథిలాల టెన్షన్ అప్పటికే ఉంది.

కానీ ఊరికి ఉప్పు ఆగకూడదు కదా. ఆ పని హాల్టన్‌లకు అప్పగించారు. హాలిఫాక్స్ బాంబర్‌ని సరుకు మోసేలా మార్చితే హాల్టన్. బాంబులు వేలాడే చోట, విమానం పొట్ట కింద, 8,000 పౌండ్లు పట్టే పెద్ద పెట్టె బిగించేవారు. ఉప్పు ఆ పెట్టెలో వెళ్లింది. లోపల క్యాబిన్‌లోకి, తీగల దగ్గరకి రాలే ప్రశ్నే లేదు. నాలుగేళ్ల కిందట జర్మనీ ఊళ్ల మీద బాంబులు జారవిడిచిన తలుపుల స్థానంలో ఇప్పుడు ఉప్పు. ఈ వాక్యం రాస్తుంటే నా చేయి కాసేపు ఆగింది.

క్రాయ్డన్_కిశోర్ (మంగళవారం, రాత్రి 11:50)

లండన్ దగ్గర ఉంటాను, ఊరు ఏలూరు. రెండేళ్లుగా తీరిక దొరికినప్పుడల్లా లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌కి, అంటే ప్రభుత్వ పాత రికార్డుల భాండాగారానికి, వెళుతున్నాను. కాగితాల సంగతి నేను చెబుతాను.

ముందు ఒక గట్టి నిజం. ఎయిర్‌ఫోర్స్ స్క్వాడ్రన్‌కి డైరీ ఉంటుంది, చిన్న ప్రైవేటు కంపెనీకి ఉండదు. ఉన్నా మూతపడిన రోజు చిత్తు కాగితాల వాడికి పోతుంది. అందుకని కంపెనీ కాగితాలు వెతకొద్దు. ఆ కంపెనీ ఎవరెవరి దగ్గర సంతకం పెట్టిందో అక్కడ వెతకండి.

స్క్వాడ్రన్ డైరీలు అక్కడ ఏఐఆర్ (AIR) 27 అనే ఫైళ్ల వరుసలో ఉంటాయి. ఫారం 540 నెలవారీ కథనం, ఫారం 541 ఒక్కొక్క ట్రిప్పు: విమానం నంబరు, సిబ్బంది పేర్లు, ఎగిరిన టైము, దిగిన టైము. 201, 230 వాటివి మొదట చూస్తే, ఆ నీళ్ల మీద పక్కనే పనిచేసిన అక్విలా ప్రస్తావన కోసం గాలించొచ్చు. ఎయిర్‌ఫీల్డ్‌ల డైరీలు ఏఐఆర్ 28లో. మంత్రిత్వ శాఖలు, కంపెనీల మధ్య ఒప్పందాల లాంటివి బీటీ (BT) అనే వరుసల్లో వెతకాలి.

ఇంట్లో కూర్చుని ఫ్రీగా చేయగలిగినవి రెండు. ఒకటి, బ్రిటిష్ విమానాల పాత రిజిస్టర్ పేజీల స్కాన్లు. ఏ విమానం ఏ తేదీన ఎవరి పేరు మీదికి మారిందో చేతిరాతలో ఉంటుంది. బీఓఏసీ నుంచి అక్విలాకి మారిన తేదీ దొరికితే, ఆగస్టు 4న ఎన్ని విమానాలు నిజంగా వాళ్ల చేతిలో ఉన్నాయో తేలిపోతుంది. రెండు, లండన్ గెజిట్. కంపెనీ మూతపడితే అప్పులవాళ్లకు నోటీసు అందులోనే వేస్తారు. ఎయిర్‌లిఫ్ట్‌లో పనిచేసిన పాతిక ప్రైవేటు కంపెనీల్లో చాలావాటి చివరి గుర్తు ఆ రెండు అంగుళాల నోటీసే.

క్యూకి వెళ్లేవాళ్లకి: రీడర్స్ టికెట్ ముందు చేయించుకోవాలి, లోపలికి పెన్ను రానివ్వరు, పెన్సిలే. ఫోన్‌తో ఫోటోలు తీసుకోవచ్చు, ఫ్లాష్ కూడదు. ఫైలు విప్పితే ఆ పాత కాగితం వాసన, మధ్యలో తుప్పు పట్టిన గుండుసూది అచ్చు. మొదటిసారి నాకు గుండె వేగంగా కొట్టుకుంది.

శ్రీలత_స్పాండావ్ (బుధవారం, రాత్రి 8:20)

కిశోర్ గారూ, మీరు రాసిన దారి కళ్లు తెరిపించింది. ఈరోజు సాయంత్రం నేనూ బాబూ డాలెమ్‌లో ఉన్న మిత్రరాజ్యాల మ్యూజియంకి వెళ్లాం. బయట హేస్టింగ్స్ అనే పెద్ద బ్రిటిష్ సరుకు విమానం నిలబెట్టారు. నీటి విమానం గురించి మాకు ఫోటోలే కనిపించాయి. అలాగే టెంపెల్‌హోఫ్ ముందు 1951లో కట్టిన స్మారకం దగ్గర ఆగాం. మూడు కాంక్రీట్ పక్కటెముకలు పశ్చిమం వైపు వంగి ఉంటాయి, ఎయిర్‌లిఫ్ట్ విమానాలు బెర్లిన్‌కి వచ్చిపోయిన మూడు గాలిదారులకు గుర్తుగా. బెర్లిన్ జనం దాన్ని 'ఆకలి గొర్రు' అంటారు. మా తాతగారి పొలం గొర్రు పళ్లు గుర్తొచ్చాయి. కింద చనిపోయిన సిబ్బంది పేర్లు చెక్కి ఉన్నాయి. బాబు వేలు పెట్టి ఒక్కొక్క పేరూ చదివాడు. వీళ్లలో మన కంపెనీవాళ్లు ఎవరో పేరును బట్టి ఎలా తెలుస్తుంది?

క్రాయ్డన్_కిశోర్ (బుధవారం, రాత్రి 9:05)

చనిపోయిన బ్రిటిష్‌వాళ్లలో ఎయిర్‌ఫోర్స్ వాళ్లూ, ప్రైవేటు కంపెనీల సిబ్బందీ ఇద్దరూ ఉన్నారు. ఉదాహరణకి ఫ్లైట్ రిఫ్యూయెలింగ్ కంపెనీ లాంకాస్టర్ విమానం 1948 నవంబర్‌లో ఇంగ్లండ్‌లో థ్రక్స్‌టన్ దగ్గర కూలి ఏడుగురు పోయారు. వాళ్లు జర్మనీ నుంచి ఇంటికి తిరిగొస్తున్నారు. పేరు, తేదీ పెట్టి ప్రమాద నివేదికలతో పోల్చాలి. బాబుతో ఒక్కొక్కటీ చేయించండి, తొందరేం లేదు.

ఇంకో చిన్న కంపెనీ కథ కూడా చెప్పాలి. డాన్ బెన్నెట్, యుద్ధంలో బాంబర్ల ముందు వెళ్లి గురి చూపించే పాత్‌ఫైండర్ దళానికి అధిపతి. ఎయిర్‌ఫ్లైట్ అని పెట్టి ట్యూడర్ విమానాలతో ఎయిర్‌లిఫ్ట్‌కి వచ్చాడు. రాత్రిపూట ట్యూడర్ నడపగల ఇంకో పైలట్ కెప్టెన్ అట్టింగ్ 1948 డిసెంబర్‌లో గాటో ఎయిర్‌ఫీల్డ్‌లో నడుస్తుండగా లారీ గుద్ది చనిపోయాడు. ఆ తర్వాత రాత్రి ట్రిప్పులు వారాల తరబడి బెన్నెట్ ఒక్కడే తిప్పాడు. ఎయిర్ వైస్ మార్షల్‌గా పనిచేసిన మనిషి, బస్తాల వెనక రాత్రంతా మేలుకుని!

అప్పారావు_నౌపడ (గురువారం, ఉదయం 7:45)

230 స్క్వాడ్రన్ అన్న మాట దగ్గర నాకు ఒక విషయం తట్టింది. యుద్ధంలో అదే స్క్వాడ్రన్ సండర్‌లాండ్‌లు శ్రీలంకలోని కొగ్గల నుంచి వచ్చి, 1944 జూన్‌లో అస్సాంలో బ్రహ్మపుత్ర మీద దిగాయి. అక్కడినుంచి బర్మాలోని ఇండాజీ సరస్సుకి వెళ్లి, జపాన్ సైన్యం వెనక భాగంలో పోరాడి గాయపడ్డ చిండిట్ దళం సైనికుల్ని వందల సంఖ్యలో తీసుకొచ్చాయి. నాలుగేళ్ల తర్వాత అదే స్క్వాడ్రన్ ఇంకో సరస్సు మీద ఉప్పు దించింది. ఐక్‌మన్ లాంటి నీటి విమానాల మనిషి ప్రైవేటు కంపెనీ పెట్టడానికి ధైర్యం చేశాడంటే, ఇలాంటి పనులు జరగడం చూసినవాడై ఉండాలి అనిపిస్తుంది.

చరణ్_కే (గురువారం, సాయంత్రం 6:30)

బెర్లిన్ తర్వాత అక్విలా ఏమైంది?

క్రాయ్డన్_కిశోర్ (గురువారం, రాత్రి 10:10)

మిగిలిన చిన్న కంపెనీల్లా వెంటనే మూతపడలేదు. సౌతాంప్టన్ నుంచి పోర్చుగల్ వాళ్ల మదీరా దీవికి ప్రయాణికుల్ని తీసుకెళ్లింది. అప్పట్లో అక్కడ రన్‌వే లేదు, నీళ్ల మీద దిగడమే. 1957 నవంబర్ 15న వాళ్ల సోలెంట్ రకం నీటి విమానం ఇంగ్లండ్‌లోని ఐల్ ఆఫ్ వైట్ దీవిలో కొండకి గుద్దుకుని 45 మంది పోయారు. 1958 సెప్టెంబర్‌తో సర్వీసులు ఆగిపోయాయి. బ్రిటన్‌లో నీటి విమానాల ఎయిర్‌లైన్ కథ దాంతోనే ముగిసింది.

వచ్చే మంగళవారం సెలవు పెట్టాను. 201 వాళ్ల 1948 ఆగస్టు ఫారం 541లు ఆర్డర్ చేశాను. వాటిలో అక్విలా ప్రస్తావన ఎక్కడ కనిపించినా ఫోటో పెడతాను.

శ్రీలత_స్పాండావ్ (శుక్రవారం, రాత్రి 9:55)

మన చర్చంతా పెద్దావిడకి జర్మన్‌లో చెప్పాను. కేబుల్స్ పైనుంచి వెళ్లడం విని కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తనకి అప్పుడు ఎనిమిదేళ్లట. గాటో వైపు ఒడ్డున నిలబడితే విమానం తెల్లటి నురగ చీల్చుకుంటూ ఆగేదట, చిన్న పడవలు దాని పక్కకి వెళ్లి బస్తాలు దించుకునేవట. తిరిగి వెళ్లేటప్పుడు పిల్లల్ని ఎక్కించేవారట, బక్కచిక్కినవాళ్లని పశ్చిమానికి పంపడానికి. పక్కవీధి స్నేహితురాలు అలాగే వెళ్లిందట. తనని కూడా పంపుదామంటే వాళ్లమ్మ ఒప్పుకోలేదట.

ఎయిర్‌ఫోర్స్‌దో కంపెనీదో రంగు గుర్తుందా అని అడిగాను. "రంగు చూడలేదమ్మా, తలుపు ఎప్పుడు తెరుస్తారా అని చూశాను" అన్నారు.

కిశోర్ గారూ, మంగళవారం ఫారం 541లు చూసేటప్పుడు తిరుగు ప్రయాణంలో పిల్లల్ని ఎక్కించినట్టు ఎక్కడైనా రాశారేమో చూడగలరా? ఆ స్నేహితురాలి పేరు ఉండదని తెలుసు. తేదీ, టైము చాలు. ఆవిడకి చెబుతాను.

క్రాయ్డన్_కిశోర్ (శుక్రవారం, రాత్రి 10:20)

తప్పకుండా చూస్తానండి. ఆగస్టుతో ఆపను, సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా అన్నీ ఇప్పుడే ఆర్డర్ పెట్టాను.